తొమ్మిదో పేరు

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ముప్పై ఏడేళ్ల కింద పరాయి దేశపు దీవిలో పనిచేసినందుకు వచ్చిన దీవి పతకం సంగతి అచ్చం అదే. ఇచ్చిన దేశం ఇచ్చి ఊరుకుంది. దాన్ని రొమ్ము మీద పెట్టుకోవడానికి మాత్రం మన సర్కారు అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం ఎనిమిది మంది మాజీ సిపాయిలు ఆరేళ్లుగా అర్జీలు పెడుతున్నారు, ఆఫీసుల ముందు నిలబడుతున్నారు. ఈ ఆరేళ్లలో ఎనిమిది మంది కాస్తా ఐదుగురయ్యారు. ఫైలు మాత్రం నిక్షేపంగా ఉంది.

సోమవారం పొద్దున రాఘవేందర్ గొడుగు మడిచి దుకాణం మెట్టెక్కేసరికి స్వర్ణలత ఎవరో రిటైర్డు మేజరుగారి పతకాలు కడుతోంది. రాంగోపాల్‌పేట్‌లో ఆ సందు పగలు కూడా మసకగానే ఉంటుంది, బల్ల మీద లైటు వేసుకుని కూర్చోవాలి. ఇత్తడి పట్టీకి గంజి పెట్టినట్టు బిరుసుగా ఉండే బక్రం గుడ్డ చుట్టాలి. దాని మీద రంగురంగుల రిబ్బన్లు ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కేలా పరచాలి. గుండుసూదులు గుచ్చి, ఒక్కో పతకం కొక్కేన్ని వెనక నుంచి కుట్టాలి. అడుగున వేలాడే అంచులన్నీ ఒకే గీత మీదికి రావాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా పెద్దమనిషి రొమ్మే వంకర అన్నట్టు కనిపిస్తుంది. ఈ పని ఆమెకు భర్త సదాశివ నేర్పాడు. ఆ ఎనిమిది మందిలో ఒకడైన ఆయన మార్చిలో పోయాడు. దుకాణం ఆమె మూయలేదు.

"వచ్చింది చెల్లె," అన్నాడు రాఘవేందర్, చొక్కా లోపలి నుంచి కవరు తీస్తూ. ఆ ఎనిమిది మందిలో ఒకడు, దీవిలో మిగతావాళ్లకు సెక్షన్ కమాండర్ ఆయనే. ఇప్పుడు పతకం కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. "ఫైలు కదిలింది. పతకం వచ్చినోళ్లందరి ఫారాలు అడిగిన్రు. సచ్చిపోయినోళ్లవి ఇంటామె నింపాలె. శుక్రవారం ఐదింటికల్లా కవరు పోవాలె. అంతా సక్కగైతే పంద్రాగస్టుకు పెట్టుకుంటం."

స్వర్ణలత చేతిలో సూది ఆగింది. ఆస్పత్రిలో ఆఖరి వారం సదాశివ ఇంకేం అడగలేదు. ఫైలు ఎందాక వచ్చిందని మాత్రం రోజూ అడిగాడు. పోయిన భర్త పతకాలు భార్య కుడివైపు పెట్టుకోవచ్చు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు గానీ, ఆయన పాత పతకాల పట్టీని అద్దం ముందు చీరకు కుడివైపు పెట్టి చూసుకుంది రెండుసార్లు. దీవి పతకం కూడా కట్టి, పంద్రాగస్టు నాడు దాంతో పరేడ్ గ్రౌండ్స్‌కు వెళ్లాలని ఆమె కోరిక.

"ఒక్కటే తక్లీఫ్," అన్నాడు రాఘవేందర్. "ఆ దేశపోళ్లు పంపిన లిస్టుల తొమ్మిది పేర్లున్నయి."

ఆయన వేలు పెట్టిన చోట చూసింది. ఎనిమిది పేర్లకు ముందు ఎనిమిది ఆర్మీ నంబర్లు. తొమ్మిదోది బస్తియాన్. నంబరు గడిలో అడ్డగీత.

ఆ పేరు ఆమెకు కొత్త కాదు. పోయినేడు పతకాలు రేకుపెట్టెలో వచ్చాయి. పర్మిషన్ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని కమిటీ తీర్మానించి, పెట్టెను ఆమె సొరుగులో పెట్టించింది. ప్రతి పతకం అంచు మీదా పేరు చెక్కి ఉంది. తొమ్మిదోదాని మీద ఈ పేరు చదివి, ఎవరిదని ఆమె సదాశివను అడిగింది కూడా. స్పేర్ అన్నాడాయన. స్పేర్‌కు పేరెందుకుంటుందని ఆమె అడగలేదు. అప్పటికే ఆయన లేచి వెళ్లిపోయాడు.

"టైపు చేసెటోని తప్పు," అన్నాడు రాఘవేందర్. "నువ్వు ఆ అంచు మీద పేరు గీకెయ్యి. పేరు లేని స్పేర్ పతకం అని రాసి తెస్తా. పెట్టె నీ తాన ఉంది కాబట్టి దస్కత్ నువ్వు పెట్టాలె. రేపు ఎవలన్న పతకం చూపెట్టమంటే చూపెడ్తం."

"ఎవరన్నా ఈ బస్తియాన్?"

"ఎవలో. మనకేంది?"

సందు కొసన ఉన్న హోటల్ నుంచి చాయ్ వచ్చింది. ఇద్దరు మనుషులకు మూడు గ్లాసులు. కమిటీ వాళ్లు ఎంతమంది కూర్చున్నా ఒక గ్లాసు ఎక్కువ తెప్పించడం ఆ దుకాణంలో రివాజు. సెంట్రీ మీద ఉన్నవాడికి అనేవాడు సదాశివ. మిలిటరీ వాళ్ల ఆచారాలు మిలిటరీ వాళ్లవి, ఆమె పట్టించుకోలేదు. రాఘవేందర్ మూడో గ్లాసు మీద సాసరు బోర్లించాడు. వెళ్లేటప్పుడు ఆ చాయ్‌ని ఎదుటి గోడ మొదట్లో పారబోసి, గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి పోయాడు.

మంగళవారం వాన వదల్లేదు. స్వర్ణలత సొరుగు లాగి రేకుపెట్టె మూత తీసింది. ఎనిమిది పతకాలు శుభ్రంగా ఉన్నాయి. తొమ్మిదోదాని మీద తెల్లటి పొర పేరుకుంది. గోటితో గీరి నాలుక కొసకు అంటించుకుంటే ఉప్పగా ఉంది. నిన్న సాయంత్రమే తుడిచి పెట్టింది. ఒకే పెట్టె, ఒకే లోహం, ఒకే వాన, దీనికొక్కదానికే ఏం రోగం అని విసుక్కుంది. రిబ్బను పిండితే నీళ్లొచ్చేంత తడిగా ఉంది. పెట్టెలోకి నీళ్లు ఎటునుంచి వచ్చాయో చూద్దామని తిరగేసింది. చిల్లు లేదు.

బ్రాసో పాలిష్ వేసి తుడిచి, పతకాన్ని మెత్తటి గుడ్డతో చుట్టి బల్ల అంచున ఉన్న చిన్న వైసులో బిగించింది. సన్న ఆకురాయి తీసింది. ఈ వృత్తిలో ఒకరి పతకం మీద పేరు తీయడం శవం ఒంటి మీది బట్ట తీయడం కిందే లెక్క. సదాశివ అయితే ఇలాంటి పనికి వచ్చినవాణ్ని మెట్టు దింపేవాడు. ఆయన కోసమే చేస్తున్నానని ఆమె తనకు తాను చెప్పుకుంది. మొదటి అక్షరం మీద ఒక్క గీటు లాగి, తల ఎత్తింది.

ఎదుటి గోడ దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తల మీంచి ప్లాస్టిక్ పట్టా కప్పుకున్నాడు. ఎడమచేతిలో చాయ్ కెటిల్ ఉంది, మసిబారిన అల్యూమినియం కెటిల్. కుడిచేయి పైకెత్తి పెట్టుకున్నాడు. వాన కళ్లలో పడకుండా అడ్డం పెట్టుకున్నాడనుకుంది. దుకాణం వైపే చూస్తున్నాడు.

"చాయ్ నేను చెప్పలే," అంది గట్టిగా. అతను కదల్లేదు. లోపలికి రమ్మని చేత్తో సైగ చేసింది. అప్పుడూ కదల్లేదు. స్కూటర్ల వాళ్లు అతన్ని తప్పించుకోవాల్సిన పనే లేనట్టు దూసుకుపోతున్నారు. ఆమె బల్ల మీద లైటు ఆర్పేసి, కుట్టుమెషీను పక్కకు జరిగి కూర్చుంది. అరగంటకు వాన తగ్గింది. గోడ దగ్గర ఎవరూ లేరు.

సాయంత్రం ఇంటికి పోతూ కొసనున్న హోటల్లో అడిగింది. గల్లాపెట్టె దగ్గర కూర్చునే రాములు నవ్వాడు.

"మా చాయ్ పంచెటాయన పది దినాలాయె ఊరికి పోయి. నిన్న మీకు నేనే తెచ్చిన గద మేడం. కెటిల్ ఏడిది? ఇప్పుడన్ని స్టీలు ఫ్లాస్కులే. జెర ఆరాం తీస్కోన్రి, మనిషి పోయిన ఇంట్ల గిట్లనే అనిపిస్తది."

బుధవారం కామరాజు వచ్చాడు. ఆ ఎనిమిది మందిలో అందరికన్నా చిన్నవాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇప్పుడు బోయిన్‌పల్లి మార్కెట్ గేటు దగ్గర కూరగాయల లారీలకు చీటీలు రాస్తాడు. తన ఫారం, ఫొటో బల్ల మీద పెట్టి, వైసులో ఉన్న పతకం చూశాడు. వంగి అంచు మీద గీటు చూశాడు. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"రాఘవేందర్ గీకమన్నాడా చెల్లెమ్మా?"

"టైపు తప్పంట."

కామరాజు ఫొటోను ఫారానికి గుచ్చసాగాడు. ఆమే నిన్నటి మనిషి సంగతి చెప్పింది. కెటిల్ అనగానే అతని చెయ్యి ఫొటో మీద ఆగిపోయింది.

"ఏ చేత్తో పట్టుకున్నాడు?"

"ఎడం చేత్తో. కుడిచెయ్యి పైకెత్తి ఉన్నది, వానకు అడ్డం పెట్టుకున్నట్టు."

"వానకి కాదమ్మా," అన్నాడు కామరాజు. మంచినీళ్లు అడిగి తాగాడు. "బస్తియాన్ మా పడవవాడు. ఆ దీవిలో మమ్మల్ని ఉప్పునీటి మడుగు దాటించింది అతనే. మూడు రోజుల నుంచి మాకు కంటి మీద కునుకు లేదు. ఆ సాయంత్రం మమ్మల్ని చూసి జాలిపడి, టీ తెస్తానని సైగ చేసి ఊళ్లోకెళ్లాడు. పొద్దుగూకగానే పాస్‌వర్డ్ మారుతుంది. మా ఎనిమిది మందికీ కొత్త మాట చెప్పారు. అతనికి చెప్పలేదు. నంబరున్న వాళ్లకే కదా చెప్పేది. అతను లెక్కలో మనిషి కాదాయె."

"తర్వాత?"

"తిరిగొచ్చేసరికి మసకబడింది. సెంట్రీ ఆపాడు. థమ్, కౌన్ ఆతా హై, అంటే ఆగు, ఎవరు నువ్వు అన్నాడు. చేతులెత్తమన్నాడు. ఒక చేతిలో కెటిల్ ఉంది, కిందపెడితే ఒలికిపోద్దనుకున్నాడో ఏమో, రెండో చెయ్యే ఎత్తాడు. పాస్‌వర్డ్ అడిగితే నవ్వాడు. మూడుసార్లు అడిగాడు. రూలు ప్రకారం మూడుసార్లే అడగాలి."

స్వర్ణలతకు సమాధానం తెలిసిపోయింది. అయినా అడిగింది.

"సెంట్రీ ఎవరన్నా?"

"సదాశివ."

సందులో బండి మీద ఉల్లిగడ్డలమ్మేవాడు కేకేసుకుంటూ పోయాడు. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముప్పై మూడేళ్లు ఒకే కంచంలో తిన్న మనిషి. కూర్లో ఉప్పు తక్కువైతే చెప్పాడు, మోకాలు నొప్పి చెప్పాడు, ఇది చెప్పలేదు.

"శత్రువు కాల్పుల్లో మాతో కలిసి పోరాడి పోయాడని రాశాం," అన్నాడు కామరాజు. "రాయమన్నది రాఘవేందర్. సంతకాలు అందరివీ." జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. "ఇది పతకాల పెట్టెతో వచ్చింది. రాఘవేందర్ ఎవరికీ చూపించలేదు. పెట్టె పోస్టాఫీసు నుంచి తెచ్చింది నేనే, అతనికి ఇచ్చేముందు ఒక నకలు తీయించి దాచుకున్నాను."

ఆమె కళ్లజోడు సవరించుకుని ఇంగ్లిషు మాటలు కూడబలుక్కుంటూ చదివింది. బస్తియాన్‌కు ఒక కూతురుంది, గ్రేసీ. తండ్రి త్యాగాన్ని దేశం గుర్తించాలని ఆమె పద్దెనిమిదేళ్లు అర్జీలు పెట్టింది. చివరికి ఆ సర్కారు ఒప్పుకుని, పడవవాడు బస్తియాన్‌కూ, ఆ చివరి రోజు ఆయన వెంట ఉన్న ఎనిమిది మంది పరదేశి సైనికులకూ పతకం ప్రకటించింది. మా నాన్న స్నేహితుల మధ్య కన్నుమూశాడని కూతురు చెప్పిన మాట కూడా అందులో ఉంది.

"స్పేర్ ఆయన కాదమ్మా, మేమే," అన్నాడు కామరాజు. "ఆయన తోక పట్టుకుని వచ్చింది మా పతకం."

అతను వెళ్లాక ఆమె వైసు విప్పింది. పతకం మీద మళ్లీ ఉప్పు. ఈసారి ఆమె పెట్టె తిరగేయలేదు.

గురువారం మధ్యాహ్నం వాన ముసురు పట్టింది. లిస్టులో పేర్ల లెక్కన కవరులో వచ్చిన తొమ్మిదో ఫారం బల్ల మీద ఖాళీగా ఉంది. నిజం రాస్తే పర్మిషన్ గంగలో కలుస్తుంది. మిగిలిన ఐదుగురు ముసలాళ్లు ఏం పాపం చేశారు? ఆ గ్రేసీకి మాత్రం ఈ వయసులో ఈ నిజం ఎందుకు? రాయకపోతే ఆ పతకాన్ని తను కుడివైపు పెట్టుకుని పరేడ్ గ్రౌండ్స్‌లో నిలబడాలి. 

తల ఎత్తకముందే తెలిసింది ఆమెకు. గోడ దగ్గర అదే పట్టా, అదే కెటిల్, పైకెత్తిన అదే చెయ్యి. పట్టా కింద మొహం సరిగా ఆనడం లేదు గానీ పళ్లు కనిపిస్తున్నాయి. నవ్వుతున్నాడు.

ఆమె లేచి గడప దాకా వెళ్లింది. ఎవరు నువ్వు అని అడగబోయింది. మాట పెదవుల దాకా వచ్చింది. సదాశివ అడిగిందీ అదేనని అప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకుంది.

"లోపలికి రా అన్నా," అంది. "తడుస్తున్నవ్."

అతని చెయ్యి మెల్లగా దిగింది.

అంతకుమించి చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది. వెనక్కి వచ్చి, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని, మేజరుగారి పట్టీ తీసి కుట్టసాగింది. దారం మూడుసార్లు తెగింది. వాన చప్పుడులోనే, వెనకాల గచ్చు మీద బరువైనది ఏదో మెత్తగా దించిన చప్పుడైంది. వేడి చాయ్ వాసన వచ్చింది. ఆమె కుట్టుకుంటూనే ఉంది. కొంతసేపటికి వాన జోరు తగ్గింది, వాసనా పోయింది. తిరిగి చూస్తే దుకాణంలో ఎవరూ లేరు. గడపకు ఇవతల గచ్చు మీద గుండ్రటి తడి మరక ఒకటి ఉంది, చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది.

ఆమె కూర్చుని ఫారం ముందుకు లాక్కుంది. పేరు, బస్తియాన్. నంబరు, లేదు. చనిపోయిన కారణం అన్న చోట, సిపాయిలకు చాయ్ తెస్తుంటే నా భర్త సదాశివ కాల్చాడు అని రాసింది. దిద్దాల్సిన పని లేకుండా ఒక్కసారే రాసింది.

శుక్రవారం మూడింటికి రాఘవేందర్ వచ్చాడు. మిగిలిన వాళ్ల ఫారాలన్నీ పోగుచేసి, ఆమె దస్కత్ పెట్టాల్సిన స్పేర్ పతకం కాగితంతో సహా తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు. కవరును తనే స్వయంగా ఇచ్చి వస్తానన్నాడు. స్వర్ణలత ఫారాలు అందించింది. లెక్కపెట్టాడు. తొమ్మిదోది చదివాడు. మళ్లీ చదివాడు.

"ఏందీ ఇది చెల్లె?"

"నిజమే గద."

"ఎవలు చెప్పిన్రు, కామరాజా?" ఆయన గొంతు పెంచలేదు. గడియారం వైపు ఒకసారి, గడప వైపు ఒకసారి చూశాడు. "ఇది పోతే పర్మిషన్ రాదు. ఎంక్వైరీ వస్తది. నీ పెనిమిటి పేరు ఖరాబైతది, అది సోంచాయించినవా? ఆ బిడ్డ సుత ఏడనో నిమ్మళంగ ఉన్నది. తండ్రి షహీదయిండని ఫొటోకు దండేసుకుంటది. దాన్నెందుకు పరేషాన్ చేసుడు?"

"నేనూ గదే అనుకున్న అన్నా, నిన్నటిదాక. ఆ బిడ్డ పద్దెనిమిదేండ్లు తిరిగి తండ్రి పేరు చెక్కించింది. నన్నేమో ఆకురాయి పెట్టి గీకమన్నవ్. నేను ఒక్క గీటు గీకిన, నాకు చేతకాలే." ఆమె ఫారం మీద వేలు పెట్టింది. "మా ఆయన కాల్చిండు, నేను రాసిన. ఆయన సెంట్రీ, రూలు ప్రకారం అడిగిండు. చెప్పెటోనికి ఆ మాట తెల్వది. ఎందుకు తెల్వదు? అది నేనెట్ల రాస్త? నాకేం తెలుసు?"

రాఘవేందర్ కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని కూడా చూసుకోలేదు.

"పాస్‌వర్డ్ ఏముండె అన్నా ఆ రోజు?"

ఆయన బల్ల మీద రాలిన దారపు ముక్కలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. ముప్పై ఏడేళ్లలో ఆయన్ని ఆ మాట ఎవరూ అడిగి ఉండరని ఆమెకు అనిపించింది.

"మెట్టుగూడ," అన్నాడు చివరికి.

ఆమె రోజూ బస్సు బోర్డు మీద చూసే పేరు.

"ఇంటి మీద పానం కొట్టుకుంటుండె. మా బస్తీ పేరు పెట్టిన. దునియాల ఎవలకు తెల్వదు, మా పోరగాండ్లకు తప్ప, మస్తు మాట దొరికిందని ఖుషీ అయిన. ఆయన చాయ్‌కు పోతుంటె నేను చూసిన చెల్లె. చెప్పాలె అనుకున్న. భాష రాదాయె, ఎవడు సమజాయిస్తడు, వచ్చినంక చూద్దాంలే అనుకున్న." ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఇయ్యాల్టికి సుత బస్సుల కండక్టర్ మెట్టుగూడ మెట్టుగూడ అని ఒర్లుతడు. నేను ఒక స్టాపు ముందుగాలనే దిగి నడుస్త."

 తర్వాత ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. తొమ్మిదో ఫారంలో ఆమె రాసిన వాక్యం కింద, పాస్‌వర్డ్ మార్చింది నేను, అతనికి చెప్పనిది నేను, తప్పుడు రిపోర్టు రాయించింది నేను అని రాశాడు. కింద తన నంబరు, ర్యాంకు, పేరు వేసి సంతకం పెట్టాడు.  తొమ్మిది ఫారాలూ కవరులో పెట్టి అంటించాడు.

"ఇంక పర్మిషన్ రాదు చెల్లె."

"రాకపోవచ్చు."

"ఆ బిడ్డకు ఎవలో ఆఫీసోళ్లు కాయితం రాసేదాక ఆగుడు మంచిగుండదు," అన్నాడు రాఘవేందర్. "ఒక తెల్ల కాయితం ఇయ్యి."

"తెలుగుల రాయి అన్నా. ఇంగ్లిషు ఎవరితోనన్న రాయించుకుందాం."

ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. కాగితం పైన తారీఖు వేశాడు. అమ్మా గ్రేసీ అని రాసి ఆగాడు. మళ్లీ పెన్ను ఆనించాడు, మళ్లీ తీశాడు. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఐదింటికల్లా కవరు అందాలి. స్వర్ణలత గడియారం చూసింది గానీ ఆయన్ని తొందరపెట్టలేదు.